ముద్ద ఎందుకు దిగదు?

అన్నం తింటుండగా ముద్ద అడ్డం పడితే మన ఇళ్లలో ముందు మంచినీళ్ల గ్లాసు చేతికొస్తుంది, వెనకాలే "మెల్లగా తినకూడదూ" అన్న మాట వస్తుంది. ఎప్పుడో ఒకసారి జరిగితే ఈ రెండూ చాలు. కానీ పాతికేళ్ల మనిషి, పళ్లు గట్టిగా ఉన్నవాడు, నమిలే తింటున్నవాడు, చపాతీ ముక్కో మాంసం ముక్కో ఛాతీ మధ్యలో ఆగిపోతోందని పదే పదే చెబితే? "ఎందుకిలా అవుతోంది డాక్టరుగారూ, గ్యాసా?" అని అడిగితే? నలభై ఏళ్ల కిందట వైద్యుల దగ్గర కూడా దాదాపు అదే జవాబు ఉండేది. ఇప్పుడు ఇంకో జవాబుంది. అది దొరకడానికి చాలాకాలం పట్టింది. దొరికాక కూడా తప్పంతా ఒక్క కణం మీదే వేసి కొన్నేళ్లు గడిపారు.

పొలమారడం వేరు, అడ్డం పడడం వేరు

మెతుకు దారి తప్పి గాలిగొట్టం వైపు వెళ్తే పొలమారుతుంది. దగ్గు ముంచుకొస్తుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి, ఎవరో తలుచుకుంటున్నారంటూ పెద్దవాళ్లు మాడు మీద తడతారు. ఇక్కడ మన సంగతి అది కాదు. ముద్ద సరైన దారిలోనే వెళ్లింది, ఆ దారిలోనే ఆగిపోయింది. ఊపిరి ఆడుతుంది, మాట వస్తుంది. ఛాతీ ఎముక వెనక ఏదో బిగబట్టినట్టు ఉంటుంది. నీళ్లు తాగితే అవీ వెనక్కి వస్తాయి. పూర్తిగా మూసుకుపోతే సొంత ఉమ్మి కూడా మింగలేక, గిన్నె పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తుంది. అమెరికా, ఐరోపా దేశాల్లో ఇలా వచ్చినవాళ్లను పరీక్షిస్తే దాదాపు సగం మందిలో బయటపడేది ఈ అధ్యాయంలో చెప్పబోయే జబ్బే.

ఆ దారి పేరు అన్నవాహిక. గొంతు నుంచి జీర్ణాశయం దాకా సుమారు 25 సెంటీమీటర్ల కండర గొట్టం. ముద్ద తన బరువుతో జారిపోతుందని అనుకుంటాం గానీ, కండరాలే పైనుంచి కిందికి వరసగా బిగుస్తూ దాన్ని తోసుకెళ్తాయి. తలకిందులుగా ఉండి మింగినా అది పొట్టలోకే చేరుతుంది. ఆరోగ్యంగా ఉన్న అన్నవాహిక ముద్ద రాగానే రెండు సెంటీమీటర్ల దాకా సాగి దారిస్తుంది. ఆ సాగే గుణం పోయి లోపలి వెడల్పు 13 మిల్లీమీటర్లకో అంతకన్నా కిందికో పడిపోతే, గట్టి తిండి అడ్డం పడక మానదు.

ఇది ఒక్కరోజులో జరిగేది కాదు. అందుకే ఈ జబ్బున్నవాళ్లలో చాలామందికి తమకు జబ్బుందని తెలియదు. ప్రతి ముద్దకూ ఒక గుక్క నీళ్లు తాగుతారు. అన్నంలో చారు ఎక్కువ పోసుకుని జారుగా కలుపుకుంటారు. మాంసం ముక్కలు "ఇష్టం లేదు" అని పక్కన పెడతారు. పెళ్లి భోజనాల్లో పక్కవాళ్లు లేచి చేతులు కడుక్కుంటున్నా వీళ్ల విస్తట్లో సగం అలాగే ఉంటుంది. పెద్ద మాత్ర చూస్తే భయం, విరిచి వేసుకుంటారు లేదా నీళ్లలో కరిగిస్తారు. "మింగడం కష్టంగా ఉందా?" అని వైద్యుడు అడిగితే నిజాయితీగానే "లేదండీ" అంటారు. ఆ ప్రశ్న వల్ల లాభం లేదు. "మీ ఇంట్లో అందరికన్నా చివర తినడం ముగించేది ఎవరు?" అని అడగాలి.

పసిపిల్లలైతే ఈ మాత్రం కూడా చెప్పలేరు. తిండి చూస్తే మొహం తిప్పుకుంటారు, వాంతి చేసుకుంటారు, కడుపునొప్పి అంటారు, బరువు పెరగరు. ఇంట్లోవాళ్లు మొండితనం అనుకుంటారు.

ఉండకూడని చోట ఒక కణం

మనవైపు తుమ్ములూ ఆయాసమూ ఉన్నవాళ్లు "నాకు ఇస్నోఫీలియా ఉంది" అనడం వినే ఉంటారు. ఆ పేరుకు మూలం ఇస్నోఫిల్ అనే తెల్ల రక్తకణం. 1879లో జర్మన్ వైద్యుడు పాల్ ఎర్లిక్ రక్తానికి ఇయోసిన్ అనే ఎర్రటి రంగు పట్టించి చూస్తే, కొన్ని కణాల్లోని రేణువులు ఆ రంగును గట్టిగా పీల్చుకుని కెంపుల్లా మెరిశాయి. మనం వాటిని కెంపుకణాలు అందాం. ఎముక మూలుగలో పుడతాయి. కడుపులో నులిపురుగులు చేరినప్పుడు వాటితో పోరాడడం వీటి పాత పని. అలెర్జీ ఉన్నవాళ్లలో అవసరం లేకపోయినా కదులుతాయి.

జీర్ణాశయంలో, పేగుల్లో కెంపుకణాలు మామూలుగానే కాపురం ఉంటాయి. ఆరోగ్యవంతుల అన్నవాహికలో మాత్రం ఒక్కటీ ఉండదు. కాబట్టి అక్కడ కనబడితే ఏదో జరుగుతున్నట్టే. 1980లలో సూక్ష్మదర్శినిలో చూసే నిపుణులకు ఇవి కనబడుతూనే ఉన్నాయి. అయితే పొట్టలోని ఆమ్లం పైకి తన్నడం వల్లే వచ్చి ఉంటాయని రాసి పంపేవారు. కనబడినదాన్ని తెలిసిన గూటిలో పెట్టేశారు.

1993లో స్టీఫెన్ ఆట్‌వుడ్, ఆయన సహచరులు 12 మంది రోగుల గురించి ఒక వ్యాసం ప్రచురించారు. అందరికీ మింగడం కష్టమే. అందరి అన్నవాహికలోనూ కెంపుకణాలు కిక్కిరిసి ఉన్నాయి. కానీ ఆమ్లం కొలిచి చూస్తే దాదాపు అందరికీ మామూలుగానే ఉంది! ఇది ఆమ్లం జబ్బు కాదు, వేరే జబ్బు అన్నారు వాళ్లు. మరుసటి ఏడాది స్విట్జర్లాండ్‌లో అలెక్స్ స్ట్రౌమన్ బృందం పదిమందిలో ఇదే చూసింది. అలా ఇస్నోఫిలిక్ ఈసోఫేగైటిస్ అనే పేరు స్థిరపడింది. అంత పొడుగు పేరు వైద్యులే పలకలేక ఈఓఈ అంటారు. మనమూ అలాగే అందాం.

మరి ఆ కణాల్ని పిలిచిందెవరు? 1995లో అమెరికాలోని బాల్టిమోర్ వైద్యులు చేసిన చిన్న ప్రయోగం ఈ ప్రశ్నకు జవాబు చెప్పింది. ఆమ్లం మందులకు లొంగని పదిమంది పిల్లలను తీసుకున్నారు. మామూలు తిండి ఆపేసి, మాంసకృత్తులను పూర్తిగా విడగొట్టిన అమైనో ఆమ్లాల ద్రవం మీద కొన్ని వారాలు ఉంచారు. ఎనిమిది మందికి లక్షణాలు మాయమయ్యాయి, మిగిలిన ఇద్దరికీ తగ్గాయి. కెంపుకణాలు పలచబడ్డాయి. పాత తిండి ఒక్కొక్కటే తిరిగి పెట్టడం మొదలెడితే లక్షణాలూ తిరిగొచ్చాయి. పదిమంది పిల్లలే అయినా విషయం తేలిపోయింది. కారణం తిండిలో ఉంది.

బెల్లం డబ్బా, చీమల బారు

తిండి అలెర్జీ అనగానే రొయ్యలు తిన్న పావుగంటకే ఒళ్లంతా దద్దుర్లు లేవడం గుర్తొస్తుంది. ఆ రకం అలెర్జీకి ఐజీఈ అనే ప్రతిరక్షకం కారణం. చర్మం మీద గుచ్చి చూసే పరీక్షలో అది బయటపడుతుంది. ఈఓఈ ఆ దారిన నడవదు. ఐజీఈని అడ్డుకునే మందు ఇచ్చి చూస్తే పనిచేయలేదు. చర్మం పరీక్షలు చూసి "ఇది మానండి, అది మానండి" అని పట్టీ రాసినా పెద్దగా ఫలితం రాలేదు. ఇక్కడ పాత్రధారులు టి కణాలనే ఇంకో రకం తెల్ల రక్తకణాలు, వాటి వేగం నిమిషాల్లో కాదు, రోజుల్లో వారాల్లో. పొద్దున తిన్న ఇడ్లీకీ రాత్రి పట్టేసిన గొంతుకూ ముడిపెట్టి వెతికేవాళ్లకు ఏమీ దొరకకపోవడం అందుకే.

లోపల జరిగేదేమిటో వంటింట్లో చూద్దాం. బెల్లం డబ్బా మూత సరిగా బిగుసుకోలేదు. ఎక్కడి నుంచో ఒక చీమ వచ్చింది, వాసన జాడ గీసుకుంటూ వెళ్లింది. గంటలో గోడ పొడుగునా బారు. మనకు ముందు కనబడేది చీమలే, ఒళ్లుమండేదీ వాటి మీదే. తుడిచేస్తాం. సాయంత్రానికి మళ్లీ బారు తయారు. మూత అలాగే ఉందిగా!

అన్నవాహిక లోపలి పొర ఆ మూత లాంటిది. పొరలోని కణాలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే మాంసకృత్తులు సడలితే, తిండిలోని అణువులు లోనికి చొరబడతాయి. ఇబ్బందిపడిన పొర టీఎస్‌ఎల్‌పీ అనే హెచ్చరిక అణువును విడుదల చేస్తుంది. అది విన్న టి కణాలు ఇంటర్‌ల్యూకిన్-13 అనే కబురు అణువును పంపుతాయి. ఆ కబురు రెండు పనులు చేస్తుంది. ఒకటి, పొర చేత ఇయోటాక్సిన్-3 అనే పదార్థాన్ని తయారు చేయిస్తుంది. చీమలు పట్టుకుని నడిచే వాసన జాడ ఇదే, దాని వెంట రక్తంలోంచి కెంపుకణాలు బారులు తీరతాయి. రెండు, పొరను ఇంకా సడలగొడుతుంది. సడలిన పొరలోంచి ఇంకాస్త తిండి, ఇంకాస్త కబురు. తిరిగిందే తిరుగుతుంది.

ఈ సంగతులు ఊహలు కావు. 2006లో సిన్సినాటి పిల్లల ఆసుపత్రిలో మార్క్ రోథెన్‌బర్గ్ బృందం రోగుల అన్నవాహిక ముక్కల్లో ఏ జన్యువులు అతిగా పనిచేస్తున్నాయో చూసింది. అన్నిటికన్నా ముందు నిలిచింది ఇయోటాక్సిన్-3 జన్యువు, ఆరోగ్యవంతులతో పోలిస్తే 50 రెట్లకు పైగా. 2010లో టీఎస్‌ఎల్‌పీ జన్యువున్న చోట తేడాలు ఈ జబ్బుతో ముడిపడి ఉన్నాయని తేలింది. 2014లో కాల్పెయిన్-14 అనే ఇంకో జన్యువు దొరికింది. దాని విశేషం ఏమిటంటే, అది ఎక్కువగా పనిచేసేది అన్నవాహిక పొరలోనే. ఉబ్బసం, ఎగ్జిమా, జలుబు అలెర్జీ ఉన్నవాళ్లందరికీ ఈఓఈ ఎందుకు రాదు, వచ్చినవాళ్లకు అన్నవాహికలోనే ఎందుకు వస్తుంది అన్న ప్రశ్నకు ఇక్కడ కొంత జవాబుంది. మగవాళ్లలో ఇది ఆడవాళ్లకన్నా దాదాపు మూడు రెట్లు ఎక్కువ. పసితనంలో వాడిన యాంటీబయాటిక్స్‌కూ, సిజేరియన్ కాన్పుకూ దీనితో సంబంధం కొన్ని పరిశీలనల్లో కనబడింది. సంబంధం కనబడినంత మాత్రాన అదే కారణమని కాదు, ఈ ముక్క చదివి ఏ తల్లీ తనను తాను నిందించుకోనక్కర్లేదు.

పొరలో రేగిన ఈ మంట ఏళ్ల తరబడి సాగితే పొర కింద మచ్చకట్టిన కణజాలం పేరుకుంటుంది. గొట్టం బిరుసెక్కుతుంది, సన్నబడుతుంది, లోపల కంకణాల్లా వలయాలు తేలతాయి. స్విట్జర్లాండ్‌లో 200 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన లెక్క చూడండి. లక్షణాలు మొదలైన రెండేళ్లలోపు జబ్బు గుర్తించినవాళ్లలో నూటికి 17 మందికి గొట్టం సన్నబడింది. ఇరవై ఏళ్లు దాటాక గుర్తించినవాళ్లలో నూటికి 71 మందికి. ఈ అధ్యాయంలో ఒక్క అంకె గుర్తుపెట్టుకోవాలంటే ఇదే పెట్టుకోండి.

చీమలు పోయినా

జబ్బు పేరులోనే కెంపుకణం ఉంది. గుర్తించడానికి పెట్టిన కొలతా అదే: సూక్ష్మదర్శినిలో ఎక్కువ పెద్దది చేసి చూసినప్పుడు ఒక్క దృశ్యంలో 15 గానీ అంతకు పైగా గానీ ఉండాలి. కాబట్టి ఆ కణాల్ని తుడిచిపెడితే జబ్బు పోతుందని అనుకోవడం సహజం. కెంపుకణాలకు ప్రాణాధారమైన ఇంటర్‌ల్యూకిన్-5 అనే కబురును అడ్డుకునే మందులు ఇచ్చి చూశారు. కణాలు తగ్గాయి గానీ రోగుల బాధ అంతగా తగ్గలేదు. మందు చాలలేదేమో అనుకున్నారు కొందరు.

అప్పుడు రంగంలోకి దిగింది బెన్రాలిజుమాబ్, ఉబ్బసానికి వాడే మందు. ఇది కెంపుకణాలను ఆకలితో మాడ్చదు, సూటిగా చంపిస్తుంది. 211 మంది మీద జరిగిన ఈ పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. మందు తీసుకున్నవాళ్లలో నూటికి 87 మందికి కెంపుకణాలు దాదాపుగా తుడిచిపెట్టుకుపోయాయి. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో ఆరేడుగురికే అలా జరిగింది. మరి మింగుడు? రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. బారు పోయింది, మూత తెరిచే ఉంది.

నా దృష్టిలో ఈ జబ్బు పరిశోధనలో అన్నిటికన్నా విలువైన ఫలితం ఈ ఓటమే. కెంపుకణం అమాయకురాలని కాదు, దాని రేణువుల్లోని విషపు మాంసకృత్తులు పొరను గాయపరుస్తాయి. కానీ మనిషిని బాధపెట్టే పనిలో అది ఒక్కటే లేదు, ముందు వరసలోనూ లేదు. అసలు పెత్తనం ఇంటర్‌ల్యూకిన్-13ది.

ఆ పెత్తనం మీద దెబ్బకొట్టిన మందు డుపిలుమాబ్. ఇంటర్‌ల్యూకిన్-4, 13 రెండూ కణంలోకి కబురు చేరవేయడానికి వాడుకునే ఒకే తలుపును ఇది మూసేస్తుంది. 2022లో వెలువడిన పరీక్షలో, వారానికో ఇంజెక్షన్ చొప్పున 24 వారాలు తీసుకున్నవాళ్లలో నూటికి 60 మందికి కణాల లెక్క దాదాపు మామూలు స్థాయికి వచ్చింది. ఉత్తుత్తి ఇంజెక్షన్ వాళ్లలో ఐదుగురికే. అంతకన్నా ముఖ్యంగా, మింగుడు మెరుగుపడింది. అదే ఏడాది మే నెలలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనికి అనుమతి ఇచ్చింది. ఆ దేశంలో ఈఓఈ కోసమే అనుమతి పొందిన తొలి మందు ఇది. 2024లో ఏడాది నిండిన పిల్లలకు కూడా అనుమతించారు, పిల్లవాడి బరువు కనీసం 15 కిలోలు ఉండాలి. ఖరీదు మాత్రం మామూలు కుటుంబం ఊహకు అందనిది. మంచి మందు వచ్చిందన్న సంబరం అక్కడ కాస్త చల్లారుతుంది.

పెరుగన్నం మానాలా?

ఇంతకన్నా చౌకైన దారులు లేవా? ఉన్నాయి. మొదటిది, మనందరికీ తెలిసిన పరగడుపు గ్యాస్ మాత్ర. ఇందులో ఓ తమాషా ఉంది. ఈఓఈ ఆమ్లం జబ్బు కాదని చెప్పడానికి ఆ మాత్రకు లొంగకపోవడాన్నే కొన్నాళ్లు రుజువుగా అడిగారు. తీరా చూస్తే ఈఓఈ రోగుల్లో దాదాపు సగం మందికి ఆ మాత్రే పనిచేస్తోంది. ఆమ్లాన్ని తగ్గించడమే కాక, ఇయోటాక్సిన్-3 తయారీని కూడా అది అడ్డుకుంటుందని ప్రయోగశాలలో తేలింది. 2018లో వివిధ దేశాల నిపుణులు కూర్చుని ఆ పాత షరతు ఎత్తేశారు. మాత్ర ఇప్పుడు పరీక్ష కాదు, చికిత్స.

రెండోది స్టెరాయిడ్. ఒళ్లంతా పాకే మాత్రలు కావివి, అన్నవాహిక గోడకు పూతలా అంటే మందు. చాలాకాలం ఉబ్బసం ఇన్‌హేలర్‌నే నోట్లో కొట్టించి, పీల్చకుండా మింగమనేవారు. ఆ తర్వాత అరగంట నీళ్లు కూడా తాగకూడదు, పూత కొట్టుకుపోతుంది. ఐరోపాలో 2018 నుంచి ఇందుకోసమే చేసిన బుడెసొనైడ్ మాత్ర ఉంది, నాలుక మీద కరుగుతుంది. అమెరికాలో 2024లో అదే మందు ద్రవరూపంలో వచ్చింది. నోట్లో, అన్నవాహికలో బూజు పట్టడం దీని ముఖ్యమైన చికాకు.

మూడోది తిండి మానడం. 2006లో షికాగో వైద్యులు పిల్లల తిండిలోంచి ఆరు రకాలు తీసేశారు: పాలు, గోధుమ, గుడ్డు, సోయా, గింజపప్పులు, చేపలూ రొయ్యల జాతి. నూటికి 74 మందికి మంట బాగా తగ్గింది. కానీ ఆరూ మానేసి ఎవరు బతకగలరు? ఏది తమకు పడదో తేల్చుకోవడానికి ఒక్కొక్కటే తిరిగి మొదలుపెట్టి, ప్రతిసారీ ఎండోస్కోపీ గొట్టం వేయించుకుని చూసుకోవాలి. 2023లో అమెరికాలోని 129 మంది పెద్దవాళ్లతో ఓ పోటీ పెట్టారు, సగం మంది ఆరూ మానాలి, సగం మంది పాల పదార్థాలు మాత్రమే. ఆరు వారాలకు ఆరూ మానినవాళ్లలో నూటికి 40 మందికి, పాలు మాత్రం మానినవాళ్లలో నూటికి 34 మందికి అన్నవాహిక కుదుటపడింది. గణాంకాల లెక్కలో ఆ తేడా తేడాయే కాదు. ముందు పాలతో మొదలెడదాం అని వైద్యులు ధైర్యంగా చెప్పగలుగుతున్నది ఈ ఫలితం వల్లే.

పాలంటే మనకు కాఫీ ఒక్కటే కాదు. పెరుగు, మజ్జిగ, వెన్న, పనీరు, స్వీటు షాపులో దొరికేవాటిలో సగం. భోజనం చివర పెరుగన్నం లేకపోతే తిన్నట్టే ఉండదనే మనుషులం. కాబట్టి జబ్బు నిర్ధారణ కాకుండా, వైద్యుల పర్యవేక్షణ లేకుండా ఎవరికివారు పాలు మానేసి కూర్చోవడం వృథా, ఎదిగే పిల్లల విషయంలో ప్రమాదం కూడా.

గొట్టం అప్పటికే సన్నబడి ఉంటే బెలూన్ లాంటి పరికరంతో మెల్లగా వెడల్పు చేస్తారు. ఆ రోజు నుంచే ముద్ద హాయిగా దిగుతుంది గానీ మంట ఆరదు, మందు మానకూడదు. నిజానికి పైన చెప్పిన ఏ దారిలోనైనా ఇదే షరతు. చికిత్స ఆపితే చాలామందిలో జబ్బు తిరిగొస్తుంది. ఈఓఈకి అదుపు ఉంది, ఇంకా నయం కావడం లేదు. ఒక ఊరట: ఇది క్యాన్సర్‌గా మారుతుందనడానికి ఆధారం కనబడలేదు.

ప్రతిసారీ ఎండోస్కోపీ చేయించుకోవాల్సిన బాధ తప్పించడానికి కూడా పరిశోధన సాగుతోంది. దారం చుట్టిన గుళికను మింగించి, దారం కొసను చెంపకు అంటించి, గంట తర్వాత లాగేస్తారు. దారానికి అంటిన ద్రవంలో మంట ఆనవాళ్లు చూస్తారు. పిల్లల విషయంలో ఇది చిన్న మేలు కాదు.

మన దేశంలో ఈ జబ్బు అరుదనే మాట తరచూ వినబడుతుంది. ఉత్తరాదిలోని ఓ పెద్దాసుపత్రి వైద్యులు, ఛాతీలో మంట, పులితేన్పులతో వచ్చినవాళ్లను వెతికి చూసి 2017లో ప్రచురించారు. నూటికి ముగ్గురికి పైగా ఈఓఈ ఉంది. వాళ్లంతా లేకపోతే గ్యాస్ లెక్కలోనే పోయేవాళ్లు. వెతికితే దొరుకుతోంది, మనం వెతుకుతున్నది తక్కువ.

అందుకే చివరగా చదివేవాళ్లకు ఒక మాట. మీ ఇంట్లో ఎవరైనా ప్రతి ముద్దకూ నీళ్లు తాగుతుంటే, ముక్క అడ్డం పడడం ఒకసారికి మించి జరిగితే, జీర్ణకోశ వైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి. ఉబ్బసమో తుమ్ములో కూడా ఉంటే ఆ సంగతీ చెప్పండి. రక్తపరీక్షలో ఇస్నోఫిల్స్ మామూలుగా వచ్చాయని ఊరుకోకండి, ఈ జబ్బులో అవి రక్తంలో పెరగకపోవచ్చు. ఎండోస్కోపీ చేసేటప్పుడు అన్నవాహిక పైకి బాగానే కనబడినా, పై భాగం నుంచీ కింది భాగం నుంచీ కలిపి కనీసం ఆరు చిన్న ముక్కలు పరీక్షకు పంపుతారా అని అడగండి. కెంపుకణాలు అంతటా సమానంగా ఉండవు, ఒకటి రెండు ముక్కల్లో దొరకకుండా పోతాయి.